రాతిపువ్వు

టాడ్‌మార్డెన్‌లో వాన కురవదు,
వేలాడుతుంది,
ఈ కొండకీ ఆ కొండకీ మధ్య
పిండకుండా ఆరేసిన చీరలా, రోజుల తరబడి.

ఆ వానలోకి నన్ను తరిమింది డోరీన్.
లైబ్రరీలో గురువారం అల్లికల బల్లకి పెద్ద దిక్కు.
ఎనభై రెండేళ్లు, చెవిలో మిషను.
నచ్చని మాట వస్తే అది కట్టేస్తుంది.
నేను పుస్తకం చూసి స్వెట్టరు మీద కుట్టిన గులాబీని
కళ్లజోడు ఎత్తి చూసి
"దీన్ని ఎక్కడ చూశావు?" అంది.
పేజీ నంబరు చెప్పాను.
మిషను కట్టేసింది.

మందుల షాపులో నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది.
కాలువ గట్టున, మూతబడ్డ నూలు మిల్లు వెనక
ఒక రాతి గోడ.
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయి మీద రాయి, ఒకదాని బరువు ఒకదానికి ఆధారం.
నాలుగేళ్లుగా దాని పక్కనుంచే నడుస్తున్నాను.
ఆ రోజు ఆగాను, బూటు లేసు ఊడి.

వంగితే కంటికి జానెడు దూరంలో
నేను పాచి అనుకున్నది పాచి కాదు.
బిర్యానీలో ఏరి కంచం పక్కన పెట్టే
రాతిపువ్వుకి దగ్గరి చుట్టాలు.
ఆవపిండి పసుపు. తడిసిన విభూతి.
మాడిన దోసె అంచులా చిట్లిన గోధుమ రంగు.
ఒకచోట, మరీ చిన్నగా,
సూదిమొనతో పెట్టినట్టు ఎర్ర చుక్కలు.
లేసు కట్టుకోవడం మర్చిపోయాను.

లేసంటే గుర్తొచ్చింది.
నర్సాపురంలో మంగాయమ్మత్త
నలభై ఏళ్లు ఒకే పువ్వు అల్లింది.
తెల్ల దారం, ఆరు రేకులు, ఏజెంటు ఇచ్చిన నమూనా,
డజనుకి ఇంత అని లెక్క.
అది ఏ చెట్టు పువ్వత్తా అని అడిగితే
తల ఎత్తకుండా
"ఆర్డరు చెట్టుది" అంది.
ఆవిడ కిటికీ అవతల గోదావరి పాయ ఉండేది.
అటు తిరిగి కూర్చుంటే
వెలుతురు ఎదురు కొడుతుందని
వీపు పెట్టి కూర్చునేది.

నేను గోడకి ఎదురుగా కూర్చున్నాను,
ప్లాస్టిక్ సంచీ పరుచుకుని.
ఫోటో తీస్తే రంగు అబద్ధం చెప్పింది.
అందుకని నూలు ముక్కలే తెచ్చి
రాయి పక్కన పెట్టి చూసేదాన్ని.
బూడిద రంగు ఒక్కటే పదకొండు రకాలు.
చెయ్యి అల్లిక బూడిద రంగులో,
దాని మీద ఆవపిండి నూలుతో ముడికుట్టు,
అంచులకి కాడకుట్టు, కావాలనే వంకరగా.
ఎర్ర చుక్కలకి మాత్రం
నా సూది మరీ లావు.

కత్తిరించిన కొసల్ని కిటికీ గట్టు మీద వదిలేసేదాన్ని.
అవి తగ్గుతున్నాయని ఏప్రిల్‌లో గమనించాను.
గాలి అనుకున్నాను.

అక్టోబరులో కౌన్సిల్ వాళ్లు కాలువ గట్టు ముళ్లపొదలు కొట్టేశారు.
దారికడ్డంగా ఒక గూడు దొర్లింది,
పిడికిలంత, గుడ్డులా, పక్కన కన్నం.
పొడుగు తోక చిట్టిపిట్టదట, డోరీన్ చెప్పింది.
బయటంతా రాతిపువ్వు పెచ్చులు,
ఏ రాయి మీదివో నేను పోల్చుకోగలను.
వాటిని పట్టి ఉంచింది సాలెగూడు దారం.
లోపల ఈకలు.
ఈకల మధ్య, మెలిపడి,
నా ఆవపిండి నూలు.

గూడు బల్ల చుట్టూ చేతులు మారింది.
ఎవరో తుమ్మారు, ఈకలు బిస్కెట్ల మీద పడ్డాయి.
డోరీన్ దాన్ని తిరగేసి మరగేసి
చాలాసేపు చూసింది.
"ముడి ఎక్కడ వేసింది?" అంది.
ఎవరికీ దొరకలేదు.

ఎడమ చెయ్యి ఇంకా మోచేతి దగ్గరే ఉంది.
ఆ గులాబీని విప్పేశాను.
దాని నూలు కిటికీ గట్టు మీద పెట్టి
రెండు వసంతాలైంది.
గులాబీ రంగుని
ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు.